అమ్మవారు మెచ్చిన డ్రమ్ములు

అప్పలసూరికి మనుషుల మీద పెద్దగా నమ్మకం లేదు గానీ డ్రమ్ముల మీద ఉంది. మనిషి పైకొకటి చెప్పి లోపలొకటి దాచుకుంటాడు. డ్రమ్ముకి ఆ తెలివి లేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, పామాయిల్ మోసిందో, బిస్కెట్ల ఫ్యాక్టరీకి గ్లూకోజు పాకం మోసిందో, ఏ మందుల కంపెనీలోనో ఘాటు ద్రావకం మోసి పైన కొత్త రంగు పూయించుకుని వచ్చిందో ఇట్టే చెప్పేస్తుంది. పాతికేళ్లుగా ఆయన ఆ వాసనలు పీల్చే బతుకుతున్నాడు. జలుబు చేసిన రోజు వ్యాపారం చెయ్యడు. ఆ రోజు ఎంత మంచి సరుకు వచ్చినా లారీని వెనక్కి తిప్పి పంపేస్తాడు. భార్య చిన్నతల్లి ఎంత తిట్టిపోసినా సరే.

రణస్థలం దగ్గర హైవే దిగి మట్టిరోడ్డులో కొంచెం లోపలికి వెళితే ఆయన యార్డు వస్తుంది. వాళ్ల నాన్న అక్కడ గోగు, నువ్వులు పండించేవాడు. ఇప్పుడు ఆ పొలం చెక్కలో డ్రమ్ములు తప్ప ఇంకేమీ లేవు. వాడి పారేసిన ఇనప డ్రమ్ములు కొనితెచ్చి, బాగు చేసి, రంగు వేసి అమ్మడం ఆయన పని. చెప్పడానికి ఒక్క ముక్కే గానీ చెయ్యడానికి నడుము విరిగిపోతుంది. పాత రంగు గీకాలి. సొట్టలు లోపలినుంచి సుత్తితో కొట్టి సరిచెయ్యాలి. వేడినీళ్లలో కాస్టిక్ సోడా కలిపి పోసి, లోపల ఇనప గొలుసులు పడేసి, మూత బిగించి దొర్లించాలి. గొలుసులు లోపల గిరగిరా తిరిగి జిడ్డునీ తుప్పునీ ఊడబెరుకుతాయి. ఆ చప్పుడికి చుట్టుపక్కల వాళ్లు పెట్టే శాపనార్థాలన్నీ కూలిలో భాగమే అనుకోవాలి.

ఆ తర్వాత ఉంటుంది అసలు పని, కాస్టిక్‌ని వదలగొట్టడం. జిడ్డుని తినే మందు, ఆ డ్రమ్ములో నీళ్లు తాగినవాడి గొంతుని మాత్రం వదులుతుందా? అది అంచు మడతలోనూ అడుగు అతుకులోనూ దూరి కూర్చుంటుంది. కంటికి కనబడదు, వాసనా రాదు. అప్పలసూరి ముక్కు చేతులెత్తేసే చోటు అదొక్కటే. అందుకని ఆయన పసుపు వాడతాడు. చెల్లెలి పెళ్లిలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేస్తుంటే చూసి తట్టిన ఉపాయం అది. సున్నం తగిలినట్టే కాస్టిక్ తగిలినా పసుపు ఎర్రబడుతుంది. ఆఖరి నీళ్లు పారబోశాక తడి అంచు మీదా అడుగునా చిటికెడు పసుపు చల్లుతాడు. పచ్చగా ఉంటే డ్రమ్ము బయటికి వెళ్లొచ్చు. ఎర్రబడిందా, మళ్లీ మొదటినుంచీ కడగడమే. ఎరుపంటే విషం కిందే లెక్క ఆయనకి.

“కూరలో ఎయ్యడానికి పసుపు నేదు గానీ నీ డబ్బాల మొగాన కొట్టడానికి ఎప్పుడూ ఉంటాది” అని చిన్నతల్లి రోజూ సణిగేది. ఆవిడ ఆయనకి మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి కాబట్టి మొహమాటం లేకుండా తిడుతుంది.

ఒకప్పుడు ఈ డ్రమ్ములకుండే గిరాకీ గురించి ఇప్పుడు చెబితే కోతలు కోస్తున్నాడంటారు. టెంట్ హౌసులవాళ్లు పెళ్లిళ్ల సీజనుకి ముందే వచ్చి డబ్బిచ్చి వెళ్లేవారు. చేపల రేవులవాళ్లు, రోడ్లకి తారు కాచేవాళ్లు వచ్చేవాళ్లు. మరీ తుక్కయిపోయినదాన్ని నిలువునా కోసి రేకుగా పరిస్తే పాకలకి తలుపులయ్యేది. ఏ డ్రమ్మూ వృథాగా పోయేది కాదు. యార్డులో సరుకు లేదని చెబితే కొనడానికొచ్చినవాళ్లు అలిగి కూర్చున్న రోజులున్నాయి.

అప్పుడు వచ్చింది నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. తేలిక, తుప్పు పట్టదు, ఆడపిల్ల కూడా ఎత్తేస్తుంది అన్నారు. దాని వెనకే ఇనప చట్రంలో కూర్చోబెట్టిన తెల్లటి పెద్ద ట్యాంకులు వచ్చాయి, ఒక్కొక్కటీ అయిదు డ్రమ్ముల నీళ్లు మింగేవి. తర్వాత, మందుల కంపెనీల ఖాళీ డ్రమ్ములు పర్మిషన్లున్నవాళ్లు తప్ప ముట్టుకోకూడదన్నారు. అది న్యాయమేనని అప్పలసూరి ఒప్పుకున్నాడు. ఆ సరుకు వదిలేసి తిండి సరుకు మోసిన డ్రమ్ములతోనే సరిపెట్టుకున్నాడు. ఆయన అలా సరిపెట్టుకున్నాడని తెలిసినట్టే నూనె కంపెనీలు కూడా డ్రమ్ములు మానేసి ట్యాంకర్లకి మారిపోయాయి. ఎటు వెళ్లినా తలుపు మొహం మీదే మూసుకుంటోంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇనుము ధర ఒక్కటీ ఒక ఎత్తు. పాత ఇనుముకి రేటు పెరిగి పెరిగి, శుభ్రంగా కడిగి రంగేసిన డ్రమ్ముకన్నా నలగ్గొట్టి అట్టలా చేసిన డ్రమ్ముకే ఎక్కువ పలుకుతోంది. ఈ మాట విన్నప్పుడల్లా అప్పలసూరికి అరికాలి మంట నెత్తికెక్కేది. బాగు చేసినదానికన్నా పాడుచేసినదానికే విలువ కట్టే బజారు కూడా ఒక బజారేనా అని ఎదురుపడ్డవాళ్లందరినీ నిలదీసేవాడు. వాళ్లు టీ తాగేసి వెళ్లిపోయేవారు.

నిలదీస్తే జవాబు చెప్పేవాడు ఒక్కడే, చిన్నతల్లి తమ్ముడు మురళీమోహన్. భోగాపురం దగ్గర పాత ఇనుము కొట్టు అతనిది. అటు ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యాక దశ తిరిగింది. డ్రమ్ముల్ని నలిపే ప్రెస్సు మిషను ఒకటి కొన్నాడు. దాన్ని తెచ్చి బావ యార్డులోనే పెట్టాలని అతని కోరిక.

“బావా, నువ్వు పొద్దస్తమానం సొట్టలు తీస్తన్నావు. నాను నిమిసంలో సొట్ట పెట్టేస్తన్నాను. నాకే ఎక్కువొస్తన్నాది. మరి నానేటి సెయ్యను?”

“నువ్వు సేసేది పనేటిరా? డబ్బాని సంపడం పనేటి?”

“సచ్చిపోయిందాన్నే సంపుతన్నాను బావా. నీకే ఇంకా తెలుస్తలేదు.”

చిన్నతల్లి తమ్ముడి పక్షమే. రెండేళ్లుగా ఇంట్లో ఇదే రగడ. చివరికి ఒకరోజు అన్నం పళ్లెం ముందు కూర్చుని అప్పలసూరి విసుగెత్తి ఒక మాట ఇచ్చేశాడు. ఈ ఎండాకాలం అమ్మవారి పండగలు వెళ్లేదాకా చూస్తాను, అప్పటికి ఇనప డ్రమ్ము కావాలని ఒక్క గట్టి బేరమైనా రాకపోతే యార్డంతా మీ తమ్ముడికే, ప్రెస్సు తెచ్చి నా నెత్తిన పెట్టమను అన్నాడు. అన్నాక అన్నం సయించలేదు. మాటిచ్చాడు కాబట్టి అది జరిగిపోతుందని ఆయనకి తెలుసు.

ఏ దేవుడు విన్నాడో గానీ పది రోజులు తిరక్కుండా గురమ్మ వచ్చింది. చీపురుపల్లిలో టెంట్ హౌస్ ఆవిడది. మొగుడు పోయాక ఈ వ్యాపారం ఆడదానివల్ల అవుతుందా అన్నవాళ్లందరి ఇళ్లలో పెళ్లిళ్లకీ ఇప్పుడు ఆవిడే షామియానాలు వేయిస్తోంది. ఆటో దిగుతూనే మొదలుపెట్టింది.

“ఒరే సూరీ, ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్లు ఎండకి కాగి కంపు కొడతన్నాయిరా. మొన్నొక పెళ్లిలో ఇయ్యంకుడు నా మొగాన పోసేసినంత పని సేసినాడు. నీ ఇనపయ్యే బాగుండేవి. నలభై కావాల. ఎర్రన్నోలూర్లో అమ్మోరి పండక్కి ఎట్టి సూస్తాను. బాగుంటే ప్లాస్టిక్‌వన్నీ తోసీసి ఇకమీద నీయే వాడతాను.”

“నిజమేనా అప్పా?” అన్నాడు అప్పలసూరి, సొంత అక్కని అడిగినట్టు.

“అబద్ధమాడ్డానికి ఇంతెండలో పడి రావాలేటిరా?”

అప్పలసూరి ఆ రోజు మురళీమోహన్‌కి తనే ఫోన్ చేసి, ప్రెస్సుని నీ పెరట్లోనే ఉంచుకోమని చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వుతూ అన్నం తినడం చూసి చిన్నతల్లి కూడా సణగడం మానింది. పైగా మర్నాటినుంచి తనే వచ్చి రంగు బ్రష్షు పట్టుకుంది.

నూనె డ్రమ్ముల్లోంచి మంచివి ఏరి ముప్పై దాకా నిమ్మళంగా కడిగారు. అన్నిటికీ పసుపు పరీక్ష అయింది. ఆఖరి పది మిగిలి ఉండగా బోరు మోటారు కాలిపోయింది. మెకానిక్కు ఇదిగో వస్తున్నా అంటూ రెండు రోజులు రాలేదు. ట్యాంకరు నీళ్లు తెప్పించి కడిగారు గానీ, బోరు నీళ్లు పారబోసినట్టు ట్యాంకరు నీళ్లు పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి? గురమ్మ పంపిన వ్యాను గేటు దగ్గర హారన్ కొడుతోంది. చిన్నతల్లి పసుపు డబ్బా పట్టుకుని వచ్చింది. జన్మలో మొదటిసారి ఆవిడ అడక్కుండా తెచ్చింది.

“ఒద్దే” అన్నాడు అప్పలసూరి.

“ఎందుకొద్దు?”

“అమ్మోరి సరుకే ఇది. ముందు పసుపు ఆ తల్లి గుడికాడ పడాల. మనం ముందే పూసి ఎంగిలి సేసి పంపుతామేటి?”

“పరీచ్చకి సల్లింది ఎంగిలేటి?”

“ఆ ముప్పయ్యికీ అలవాటుకొద్దీ సల్లేసినాను. ఈటికైనా ఒద్దు. మళ్లీ ఒక సుట్టు కడిగీ, సాలు.”

అటు ఊళ్లలో అమ్మవారికని తెచ్చిన ఏ వస్తువుకైనా, బిందె కానీ చాట కానీ, గుడి దగ్గర పసుపు రాసి బొట్టు పెట్టాకే వాడకం. ఆ పసుపే దానికి మొదటి పసుపు కావాలని పట్టింపు. అప్పలసూరి కూడా ఆ పట్టింపులో పుట్టి పెరిగినవాడే. పాతికేళ్లుగా ఒక్క డ్రమ్ముకీ తప్పని పరీక్ష ఆ పదింటికీ తప్పింది. బద్ధకం వల్ల తప్పి ఉంటే ఎవరైనా ముందే తిట్టి సరిచేసేవాళ్లు. భక్తి వల్ల తప్పింది కాబట్టి చిన్నతల్లి కూడా ఇంక నోరెత్తలేక డబ్బా మూసేసింది.

పండగ రోజు పొద్దున్న తన డ్రమ్ములు ఎలా ఉన్నాయో చూసుకుందామని అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎర్రన్న వాళ్ల ఊరు వెళ్లాడు. ఎర్రన్న ఆ ఊరి పెద్ద. పండగ చేయించేది ఆయనే. గుడి ముందు పందిట్లో నలభై డ్రమ్ములూ వరసగా, నీలం రంగుతో మెరుస్తూ ఉన్నాయి. నీళ్ల ట్యాంకరు పక్కనే నిలబడి ఉంది. పొంగు వచ్చినట్టు సంతోషం వచ్చింది ఆయనకి. ఆడవాళ్లు డ్రమ్ములమీద నీళ్లు చిలకరించి, అంచుల చుట్టూ పసుపు రాసుకుంటూ వస్తున్నారు. ముప్పై డ్రమ్ములకి పచ్చగా రాశారు. ఆ తర్వాత వరసలో ఒకావిడ రాయడం ఆపి వెనక్కి ఒక్క గెంతు గెంతింది.

“ఓలమ్మా! రండర్రా, సూడండర్రా! అమ్మోరు కుంకం ఎట్టుకున్నాది!”

చూస్తూ ఉండగానే పసుపు ఎర్రబడుతోంది. పక్కదానికి రాశారు, అదీ ఎర్రబడింది. డప్పులు మోగాయి. జనం తోసుకుంటూ వచ్చి, ఆ అంచుల్ని తాకి వేళ్లు కళ్లకద్దుకున్నారు. అప్పలసూరికి మాత్రం ఆ ఎరుపేమిటో చూడగానే తెలిసింది. ట్యాంకరు పైపు పట్టుకున్నవాడు ఆ వరస దగ్గరికే వస్తున్నాడు.

“పొయ్యొద్దు! నీళ్లు పొయ్యొద్దు!” అని అడ్డం పడ్డాడు.

ఎర్రన్న ముందుకొచ్చాడు. “ఏటయిందిరా సూరీ?”

“నాను సరీగా కడగనేదు మావా. కాస్టిక్ ఉండిపోనాది. అందుకే పసుపు ఎర్రబడిపోతన్నాది. ఈటిలో నీళ్లు తాగితే గొంతు కాలిపోతాది. నాదే తప్పు.”

అంతమందిలో తన పని తప్పు అని ఒప్పుకోవడం ఆయనకి అదే మొదలు. దీంతో తన పేరు పోయింది, గురమ్మ బేరం పోయింది, యార్డు పోయింది అని ఒకటొకటిగా తెలుస్తూనే ఉన్నాయి. అయినా చెప్పాడు. చెప్పినందుకు తిడతారనుకున్నాడు. కొడతారేమో అని కూడా అనుకున్నాడు. ఎర్రన్న చిన్నపిల్లాణ్ణి చూసినట్టు జాలిగా చూశాడు.

“అమ్మోరు ఎట్టుకున్న బొట్టుని పట్టుకుని కాస్టిక్కంతావేటిరా? కళ్లు పోతాయి. లెంపలేసుకో.”

“నా మాటిను మావా! ఇదిగో, లోపల కూడా ఉన్నాది, సూడు!” అంటూ అప్పలసూరి పళ్లెంలోంచి పసుపు లాక్కుని, డ్రమ్ము అడుగున కాసిని నీళ్లు చిలకరించి చల్లాడు. అదీ చుట్టూరా ఎర్రబడింది. అందరూ తొంగి చూశారు. ఇప్పటికైనా అర్థమవుతుందనుకున్నాడు పిచ్చివాడు.

“లోపల కూడా ఎలిసిందర్రో!” అని ఎవరో కేక పెట్టారు. డప్పులు రెట్టింపయ్యాయి. ఇద్దరు ముసలమ్మలు అక్కడే సాగిలపడ్డారు.

అప్పలసూరి ఇంక ఆగలేక ఆ డ్రమ్ముని తోసి పడేశాడు. నలుగురు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. అంతా గోల అయిపోతుంటే గురమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని మధ్యలోకి వచ్చింది. ఆవిడ ఒక్కసారి డ్రమ్ము అడుగు వైపు చూసింది, ఒక్కసారి అప్పలసూరి మొహంలోకి చూసింది.

“అమ్మోరు ముట్టుకున్న డబ్బాల్లో నీళ్లు పోసుకుని మనం ఎంగిలి సేస్తామేటర్రా? బుద్ధుండక్కర్నేదా? ఈ పదీ తల్లి ముందర ఎట్టండి. పూజకి తప్ప ముట్టుకోకండి” అంది.

అవునవునన్నారు అందరూ. పది డ్రమ్ములకీ పూలదండలు వేసి గుడి ముందు నిలబెట్టారు. ఎవరి గొంతూ కాలలేదు. అంతవరకూ గురమ్మకి దండం పెట్టాల్సిందే. కానీ మిగిలిన ముప్పై మాటేమిటి? శుభ్రంగా కడిగి, పరీక్ష చేసి, పచ్చగా నిలబడ్డ ఆ ముప్పై డ్రమ్ముల్నీ అమ్మవారు ముట్టనివి అని పక్కకి తోసేశారు. గురమ్మ వ్యానులో అలవాటుగా పడి ఉన్న పాత ప్లాస్టిక్ డ్రమ్ములు దింపి నీళ్లు పట్టారు. ఎండకి కాగిన ఆ నీళ్లే తాగి, బాగున్నాయన్నారు. అప్పలసూరి ఇస్త్రీ చొక్కా చిరిగి, ముప్పై డ్రమ్ములతోపాటు వ్యానులో ఇంటికి వచ్చాడు.

“నిజమే సెప్పినావు కదా. ఎవులూ ఇనకపోతే నీదేటి తప్పు?” అంది చిన్నతల్లి.

“తప్పు నాదేనే! అదే కదా నాను సెప్తన్నాది! ఆ తప్పైనా నాకుంచనేదు!” అని ఆయన కేకలేశాడు. ఆవిడకి సగం అర్థమైంది, సగం కాలేదు. అన్నం మాత్రం కొంచెం ఎక్కువ వడ్డించింది.

వారం తిరిగింది. అప్పలసూరి రోజూ యార్డులోకి వెళ్లి ఏ పనీ చెయ్యకుండా తిరిగి వచ్చేవాడు. మాట ప్రకారం మురళీమోహన్‌కి ఫోన్ చెయ్యాలి. చెయ్యాలనుకుంటూ మర్నాటికి వాయిదా వేస్తున్నాడు. అంతలో మళ్లీ గురమ్మ ఆటో వచ్చి ఆగింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

“ఒరే సూరీ, సుట్టుపక్కల ఊళ్లన్నీ నీ డబ్బాలే కావాలంతన్నాయిరా. అమ్మోరు మెచ్చిన డబ్బాలంట. పసుపు రాస్తే ఎర్రబడాల, అలాంటియ్యే తెమ్మంతన్నారు. నువ్వెన్ని ఇస్తే అన్నీ తీసుకుంతాను.”

“ఎర్రబడితే పాడు డబ్బా అప్పా! నీకు తెలుసు కదా. ఆ రోజు నా మొగం సూసి నమ్మినావు కదా.”

“నమ్మినాను కాబట్టే వచ్చినాను. లోపల నువ్వు ఎప్పట్లాగే కడుగు. ఎంతకావాలంటే అంత కడుగు. పైన అంచుకి మట్టుకు కాసింత సున్నం నీళ్లు రాసీ. ఎవులికీ ఏటీ అవదు. ఆలకి ఎరుపు కనబడతాది, నీకు బేరం నిలబడతాది, నీ బామ్మర్ది ప్రెస్సు ఆడి పెరట్లోనే తుప్పడతాది.”

అప్పలసూరి మనసులో లెక్కవేసుకున్నాడు. ఇందులో ఎక్కడుంది తప్పు? ఎవరికీ హాని లేదు. రోడ్డున పోయేదాన్ని కూడా నమ్మే జనం, వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు. కానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోయాడు.

“అప్పా, ఎరుపంటే మంచిదని అలవాటైపోతే, రేపు నిజంగా కాస్టిక్ ఉన్న డబ్బా వస్తే ఎలాగ? దాన్నీ కళ్లకద్దుకుని తాగేస్తారు కదా?”

“నువ్వు సెయ్యకపోతే ఇంకోడు సేస్తాడురా. ఆడు లోపల కడుగుతాడో నేదో ఎవులికెరిక? నువ్వయితే కడుగుతావు. అందుకే నీ కాడికొచ్చినాను. సాయంత్రానికి ఫోన్ కొట్టి సెప్పు.”

ఆవిడ వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా బజారు ఎటు తిరిగితే అటు తిరిగి చూశాడు. ఇప్పుడు బజారే తిరిగి తన గుమ్మంలోకి వచ్చి, నువ్వు మంచివాడివి కాబట్టే ఈ అబద్ధం నీకిస్తున్నా అంటోంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక గొలుసు ఒకటి తీసి గోడకేసి కొట్టాడు.

“ఒక్కటి సేసి సూడరాదా?” అంది చిన్నతల్లి మెల్లగా. “సేసి సూడ్డానికేటి?”

సరే, చూద్దామనే అనుకున్నాడు. తిరిగొచ్చిన ముప్పైలోంచి ఒక మంచి డ్రమ్ము తీసి మళ్లీ కడిగాడు. అడుగున పసుపు చల్లాడు. బంతిపువ్వులా పచ్చగా ఉంది. తమలపాకులకి వాడే సున్నం చిన్నతల్లి తెచ్చి ఇస్తే, నీళ్లలో కలిపి, గుడ్డతో అంచు చుట్టూ పల్చగా రాశాడు. ఎండకి అది క్షణంలో ఆరిపోయింది. చూస్తే అక్కడ ఏదో రాసినట్టే తెలియదు. నీళ్లు చిలకరించాడు. పసుపు తీసుకుని వేళ్లతో అంచు వెంబడి రాసుకుంటూ వెళ్లాడు.

మొదట పచ్చగానే ఉంది. తర్వాత ఒకవైపు నుంచి మెల్లగా ఎరుపు మొదలై, నీలం రంగు మీద అంచు పొడుగునా పాకుతూ వచ్చి, రెండు కొసలూ కలుసుకున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ డ్రమ్ము అప్పుడే పారాణి పెట్టుకున్న పెళ్లికూతురి పాదంలా ఉంది. ఎంత బాగుందో! అప్పలసూరి కన్నార్పకుండా చూశాడు.

చూసి చూసి కిందికి తల వంచేసరికి తన చేతులు రెండూ జోడించి గుండె దగ్గర ఉన్నాయి.

ఎప్పుడు జోడించాడో ఆయనకే తెలియదు. సున్నం కలిపింది తను. రాసింది తను. ఎందుకు ఎర్రబడుతుందో ఈ చుట్టుపక్కల అందరికన్నా ముందు తెలిసింది తనకి. అయినా దండం పెట్టాడు. ఆ చేతులు విడదీయడానికి కూడా ఒక నిమిషం పట్టింది. విడదీశాక ఒళ్లుమండే కోపం వచ్చింది. గురమ్మ మీదా కాదు, ఎర్రన్న మీదా కాదు. వెళ్లి ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పవలసినవాడే ఇక్కడ నిలబడి దండాలు పెడుతున్నాడు. నాలుగు నెలలు ఈ పని చేస్తే తనకే ఎరుపు చూసి ఇంకోసారి కడగాలని గుర్తుకురాదు.

ఫోన్ తీశాడు. “మురళీ, ప్రెస్సు ఏసుకుని వచ్చీ.”

అవతల మురళీమోహన్ ఒక క్షణం నమ్మలేదు. “ఎన్నున్నాయి బావా? పాడైనియ్యేనా?”

“అన్నీ. మంచియ్యి కూడా. ఒక్కటీ ఉంచకు.”

“మంచియ్యి ఎందుకు బావా, అమ్ముడవుతాయేమో...”

“ఒక్కటీ ఉంచొద్దన్నానా!” అని అరిచి పెట్టేశాడు. గురమ్మకి చిన్నతల్లి చేత చెప్పించాడు. తన నోటితో చెబితే ఆవిడ మళ్లీ ఒప్పించేస్తుందని ఆయన భయం.

మురళీమోహన్ వచ్చేలోపు డ్రమ్ములన్నీ గేటు దగ్గరికి చేర్చడం మొదలుపెట్టాడు. పడుకోబెట్టి, కాలితో ఒక్క తన్ను తంతే డ్రమ్ము తనంతట తనే దొర్లుకుంటూ పోతుంది. యార్డులో అందరూ చేసేది అదే. ముప్పైలో ఒక్కటి తప్ప అన్నీ అలాగే పోయాయి. ఆఖరికి ఎర్రటి అంచున్న డ్రమ్ము దగ్గరికి వచ్చి కాలెత్తాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. సున్నమే కదరా, నువ్వు రాసిన సున్నమే కదరా అని పైకే అనుకున్నాడు. కాలు కిందికి దించేశాడు. “తూ, నీ బతుకు!” అని తనని తాను తిట్టుకుని, వంగి, ఆ డ్రమ్ముని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు. బరువుకి తూలిపోతుంటే చిన్నతల్లి పరుగున వచ్చి రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి నేలకి తగలకుండా మోసుకెళ్లి గేటు దగ్గర దించారు. ఆయన దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాడు.